ఎంబీఏలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, బిజినెస్ అనలిటిక్స్: ఏది మేలు?

ఎంబీఏలో స్పెషలైజేషన్ ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఈ రెండింటిలో ఏది తీసుకోవాలని చాలామంది అడుగుతున్నారు. రెండింటిలోనూ డేటాబేసులు, వాటి నుంచి సమాచారాన్ని రాబట్టే ఎస్‌క్యూఎల్ భాష ఉంటాయి కనుక సిలబస్ చూసి తేల్చుకోవడం కష్టం. సమాచారం పుట్టే చోట పనిచేయాలని ఉందా, నమోదైన సమాచారాన్ని విశ్లేషించే చోటా అన్నదే అసలు ప్రశ్నని నా అభిప్రాయం.

ఒక సంస్థ 100 పెట్టెలకు ఆర్డరు ఇచ్చిందనుకుందాం. గోదాముకు 96 చేరాయి. బిల్లు మాత్రం 100కి వచ్చింది. సంస్థలోని అన్ని విభాగాల పనులనూ కలిపి నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లో ఆర్డరు, సరుకు అందిన నమోదు, బిల్లు మూడూ సరిపోలాలన్న నిబంధన పెట్టి ఉంటే చెల్లింపు అక్కడే ఆగుతుంది. ఎంత తేడాను ఉపేక్షించవచ్చు, ఆగిన బిల్లును ఎవరు విడుదల చేయాలి, సరుకు దించుకున్నవారే బిల్లునూ ఆమోదించవచ్చా అన్నవి ప్రోగ్రామర్ ఒక్కడే తేల్చే విషయాలు కావు. కొనుగోలు విభాగాన్నీ అకౌంట్స్‌నూ ఆడిటర్లనూ కూర్చోబెట్టి వాటిని తేల్చడమే ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చదివినవారి పని. అనలిటిక్స్ చదివినవారికి అదే లావాదేవీ కొన్ని నెలల తరువాత పట్టికలో ఒక వరుసగా కనిపిస్తుంది. ఏ సరఫరాదారు తరచూ తక్కువ పంపుతున్నాడో వారు చక్కగా పట్టుకోగలరు, కానీ గోదాములో 96కు బదులు 100 అని నమోదై ఉంటే ఆ పట్టిక ఒక్కదానితో ఎంత గొప్ప గణాంక మోడలైనా చేయగలిగింది తక్కువ.

1999లో అమెరికా చాక్లెట్ సంస్థ హెర్షీ, ఈఆర్‌పీతో పాటు మరికొన్ని సాఫ్ట్‌వేర్లను ఒకేసారి, అదీ మిఠాయిలు బాగా అమ్ముడయ్యే హాలోవీన్ పండుగ ఆర్డర్లు మొదలయ్యే వేళ అమల్లోకి తెచ్చి, సరుకు ఉండి కూడా సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లను సమయానికి అందించలేకపోయింది. ఏది ముందు, ఏది తరువాత, ఎప్పుడు అన్న నిర్ణయాలు యాజమాన్యానివి. అందుకే నా మొగ్గు ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ వైపే.

అయితే గణాంకశాస్త్రం మీద నిజమైన ఇష్టం ఉన్నవారు అనలిటిక్స్‌కే వెళ్లాలి. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో తొలి ఉద్యోగం తరచుగా అవసరాలను రాసిపెట్టడం, యూజర్లతో పరీక్షలు చేయించడం వంటి ఓపిక పనులతోనే మొదలవుతుంది. ఫైనాన్స్ తీసుకుని పక్కన ఈఆర్‌పీ సర్టిఫికెట్ చేయడం ఒక మధ్యేమార్గం; కోడింగే కావాలనుకునేవారికి ఎంసీఏ ఉండనే ఉంది.

చేరే ముందు ఒక్కటి కనుక్కోండి. కొనుగోలు ఆర్డరు నుంచి చెల్లింపు దాకా ఒక ప్రక్రియను విద్యార్థులు నిజమైన సాఫ్ట్‌వేర్‌లో స్వయంగా అమర్చి చూస్తారా, లేక కొత్త సాంకేతికతను జనం ఎందుకు స్వీకరిస్తారో వివరించే 1989 నాటి టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్ వంటి సిద్ధాంతాలతోనే సెమిస్టరు గడిచిపోతుందా? రెండోదే జరిగే చోట నేనైనా అనలిటిక్స్‌నే ఎంచుకుంటాను.