హెచ్‌పీఎల్‌సీ 'హ్యాండ్స్ ఆన్' కోర్సుకి డబ్బు కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఆ పసుపు బోర్డు ఇన్‌స్టిట్యూటే. అమీర్‌పేటలో తిరిగే కెమిస్ట్రీ వాళ్లకి పేరు చెప్పక్కర్లేదు. శాంపిల్‌లో ఏమేం ఉన్నాయో విడదీసి కొలిచే క్రోమటోగ్రఫీ మెషీనే హెచ్‌పీఎల్‌సీ. దాని మీద నెల రోజుల కోర్సు, 15 వేలు, అక్క దగ్గర అప్పు తీసుకుని కట్టాను. ఎంఎస్సీ చదివాను గానీ, ముందు మెషీన్ ఆన్ చేసి చూపించండి అని అడిగే బుద్ధి లేకపోయింది.

మూడు వారాలు బోర్డు మీదే. కాలమ్‌లో, అంటే శాంపిల్ విడిపోయే గొట్టంలో, కదలకుండా ఉండేది స్టేషనరీ ఫేజ్, దాని గుండా పారేది మొబైల్ ఫేజ్, శాంపిల్ ఇంజెక్ట్ చేసినప్పటి నుంచి గ్రాఫ్‌లో దాని పీక్ కొన వచ్చేదాకా పట్టేది రిటెన్షన్ టైమ్. సరే, ఇవి పుస్తకంలోనూ ఉన్నాయి. రివర్స్ ఫేజ్ అంటే ఏంటని ఎవరో అడిగితే సార్ తడుముకోకుండా, "కాలమ్ తిప్పి బిగిస్తాం, ఫ్లో రివర్స్‌లో వెళ్తుంది" అన్నారు. రాసుకున్నాను. ఎర్ర పెన్నుతో గీత కూడా పెట్టాను.

చివరి వారం మెషీన్ గదిలోకి తీసుకెళ్లారు. పంపు మీద ప్రెషర్ సున్నా, అంటే లోపల ఏదీ పారట్లేదు. మొబైల్ ఫేజ్ సీసా అడుగున తెల్లగా ఎండిపోయిన బఫర్ ఉప్పు. ద్రావణంలో మునిగి ఉండాల్సిన ట్యూబు చివరి ఫిల్టర్ ఖాళీ సీసాలో వేలాడుతోంది. సార్ కంప్యూటర్‌లో ఏదో నొక్కారు, ప్రింటర్ కదిలింది. ఒక్కొక్కరినీ పిలిచి "ఇదిగో నీ ఇంజెక్షన్" అంటూ క్రోమటోగ్రామ్, అంటే ఆ పీకుల గ్రాఫ్, చేతిలో పెట్టారు. నాది 4.732 నిమిషాలు. పక్క అమ్మాయిదీ 4.732. వెనక అబ్బాయిదీ అంతే. పీక్ ఏరియా, అంటే పీక్ కింది వైశాల్యం, కూడా చివరి అంకె దాకా ఒకటే! ఒకే సీసాలోంచి ఒకరే వరసగా రెండుసార్లు ఇంజెక్ట్ చేసినా ఏరియా కాస్త అటూ ఇటూ అవుతుంది. మా పదకొండు మందికీ కలిసిపోయింది, ఏం చేతివాటమో. కింద మూలన తేదీ చూస్తే 2016. అప్పటికి నేను ఎనిమిదో క్లాసు.

"సార్, ప్రెషర్ సున్నా ఉంది కదా?" అన్నాను.

"నీకు ఉద్యోగం కావాలా, ప్రెషర్ కావాలా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే ఇప్పటికీ మండుతోంది.

మొన్న జీడిమెట్లలో ఇంటర్వ్యూ. రివర్స్ ఫేజ్ అడిగారు. కాలమ్ తిప్పి బిగిస్తామని ధైర్యంగా చెప్పాను. ఆ మేడమ్ పెన్ను కింద పెట్టి, పాపం, ఓపిగ్గానే చెప్పారు. నార్మల్ ఫేజ్‌లో కాలమ్‌లోని సిలికా పోలార్ (నీటి తరహా), పారే ద్రావణి నాన్ పోలార్ (నూనె తరహా). సీ18 కాలమ్‌లో అది తిరగబడింది, నాన్ పోలార్ కాలమ్ గుండా నీళ్లు, మిథనాల్ లాంటివి పారతాయి, పేరు అందుకే. తర్వాత నా ఫైల్లో ప్రింట్ చూసి, "మిగతావన్నీ అలాగే ఉంచి ఫ్లో నిమిషానికి 1 ఎంఎల్ నుంచి అర ఎంఎల్‌కి తగ్గిస్తే ఈ పీక్ ఎప్పుడొస్తుంది?" అన్నారు. నోరు పెగల్లేదు. బస్సెక్కాక తట్టింది, రెట్టింపు, తొమ్మిదిన్నర నిమిషాల దగ్గర.

ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి డబ్బు వెనక్కి అడిగితే, "సర్టిఫికెట్ తీసుకున్నావు కదమ్మా" అన్నారు. తీసుకున్నాను. అందులో క్రోమటోగ్రఫీ స్పెల్లింగ్ కూడా తప్పే.

ఇంకా చేరాలనుంటే, కట్టే ముందే పంపు ఆన్ చేయించి ప్రెషర్ అంకె పైకి లేస్తోందో లేదో చూడండి. మీ ముందే ఒక శాంపిల్ రెండుసార్లు ఇంజెక్ట్ చేయమనండి. ఇంతకుముందు అక్కడ చేసినవాళ్లుంటే ఒకసారి ఫైల్ తీసి చూడండి, మీదీ 4.732 అయితే నాకు చెప్పండి.