పెంచి చూడాలా, తీసేసి చూడాలా?

బెంగళూరులో వైరాలజీ పీహెచ్‌డీకి చేరిన మన పిల్లలు ఏటా అడిగేదే ఇది. "అక్కా, కణంలోని ఈ ప్రొటీన్ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ను ఆపుతోందని ఎలా తేల్చాలి? ఎక్కువగా తయారు చేయించి చూడాలా, జీన్లను కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో దాని జీన్‌నే తీసేయాలా?"

ఖర్చు, సమయం: పెంచడానికి ఆ జీన్‌ను కణంలోకి మోసే ఒక ప్లాస్మిడ్ (గుండ్రటి డీఎన్‌ఏ ముక్క), రెండు మూడు రోజులు చాలు. తీసేయాలంటే జీన్ పోయిన క్లోన్లు (ఒక్క కణం నుంచి పెరిగిన గుంపులు) ఏరి పెంచేసరికి వారాలు గడుస్తాయి.

ప్రమాదం: పెంచినప్పుడు ప్రొటీన్ మితిమీరి కణమే నీరసిస్తుంది. వైరస్ తగ్గితే అది ప్రొటీన్ గొప్ప అనుకుంటాం. అదే ప్రొటీన్‌కు పనిచేయని మ్యూటెంట్‌తో (మార్చిన రూపంతో) పోల్చి చూడకుండా ఆ ఫలితాన్ని నేను నమ్మను. తీసేసినప్పుడు చిక్కు వేరు: వైరస్‌ను అడ్డుకునే ఐఎఫ్‌ఐటీఎం3 అనే ప్రొటీన్‌ను తీస్తే దాని తోబుట్టువు ఐఎఫ్‌ఐటీఎం2 కొంత పని అందుకోవచ్చు. పైగా ఇలాంటి ప్రొటీన్లు చాలావరకు ఇంటర్‌ఫెరాన్ (వైరస్ సోకినప్పుడు కణాలు పంపే హెచ్చరిక సంకేతం) తగిలాకే బాగా పెరుగుతాయి. అది ఇవ్వకుండా జీన్ తీసి "తేడా లేదు" అని రాసేయకండి.

ఎక్కడ తీయాలన్నది ఇంకా ముఖ్యం. ఐఎఫ్‌ఐటీఎం3 వైరస్ లోపలికి వచ్చే కణంలో అడ్డుపడుతుంది. సెరింక్5 అనే మరో ప్రొటీన్ మాత్రం హెచ్‌ఐవీ పుట్టే కణంలోనే వైరస్ పొరలోకి చేరి, తర్వాతి కణానికి సోకే శక్తిని తగ్గిస్తుంది. దాన్ని వైరస్ పుట్టే కణంలో తీయాలి. అదీ నెఫ్ అనే హెచ్‌ఐవీ సొంత ప్రొటీన్ లేని వైరస్‌తో చూడాలి, ఎందుకంటే సెరింక్5ను తప్పించేది నెఫే.

వందల జీన్లలోంచి తొలిసారి వెతుకుతుంటే పెంచడం మేలు. వైరస్‌ను ఆపే జాప్ ప్రొటీన్ 2002లో అలాగే దొరికింది. ఒక్క ప్రొటీన్ చేతిలో ఉండి, సహజ మోతాదులో అది నిజంగా ఆపుతోందా అన్నదే ప్రశ్నయితే తీసేయండి, తర్వాత అదే జీన్‌ను తిరిగి పెట్టి చూడండి.