కువైట్‌లో శుక్రవారపు చదువు: 7.8 అంగుళాల ఈ-రీడర్‌ను ఏళ్ల తరబడి వాడిన తరువాత

ఇంటికి దూరంగా ఉంటూ తెలుగు పుస్తకాలు చదువుకోవడానికి ఈ-రీడర్ కొనదలచినవారు అన్నిటికంటే ముందు తెర ఎంత పెద్దదో చూసుకోవాలి. కొన్నేళ్లుగా ఒకే 7.8 అంగుళాల రీడర్‌ను వాడుతూ వచ్చిన మీదట ఈ మాట చెబుతున్నాను. నేను కువైట్‌లో అకౌంటెంటుగా పనిచేస్తాను. నా భార్య, అమ్మాయి, నాన్నగారు రాజంపేటలో ఉంటారు. మా కంపెనీకి శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ రోజు అక్కడ అమ్మాయికి బడి, మా ఆవిడకు ఉద్యోగం. కువైట్ సమయం మన సమయానికి రెండున్నర గంటలు వెనక కాబట్టి, ఇంట్లో అందరూ చేరి సాయంత్రం ఐదింటికి ఫోను దగ్గర కూర్చునేసరికి ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర అవుతుంది. అంతవరకు ఉన్న తీరికంతా చదువుకే పోతుంది, ఆ చదువంతా ఈ రీడర్‌లోనే సాగుతుంది.

మన పుస్తకాలు ఎక్కువగా క్రౌన్ లేదా దానికంటే కొంచెం పెద్దదైన డెమీ సైజుల్లో అచ్చవుతాయి. 7.8 అంగుళాల తెర సుమారు 12 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది కాబట్టి, క్రౌన్ సైజు పుస్తకపు స్కాన్‌లో అంచుల తెలుపు కత్తిరిస్తే అచ్చుభాగం దాదాపు అసలు పరిమాణంలోనే కనబడుతుంది. డెమీ సైజు కొంచెం చిన్నదవుతుంది గాని చదవడానికి ఇబ్బంది ఉండదు. స్నేహితుల దగ్గర ఉన్న ఆరంగుళాల రీడర్లలో ఇవే పుటలు చూశాను. వత్తులు, సున్నలు అలుక్కుపోయి, పుటను అటూ ఇటూ జరుపుకుంటూ చదవవలసి వస్తుంది. నా రీడర్‌లో 1872×1404 చుక్కలున్నాయి, అంటే అంగుళానికి 300. చాలా 10.3 అంగుళాల రీడర్లలోనూ ఇవే 1872×1404 చుక్కలు ఇంకా పెద్ద తెర మీద పరుచుకుని, అంగుళానికి 227 పడతాయి. అక్షరం అంచు కాస్త మెత్తబడినా, రెండు కాలమ్‌ల పాత మాసపత్రికలకు ఆ పెద్ద తెరే మేలు. నా దానిలో అటువంటి పుటను అడ్డంగా తిప్పి, సగం సగంగా చదువుతాను.

రీడర్‌తో వచ్చిన చదువరి సాఫ్ట్‌వేర్ తెలుగును సరిగా చూపేది కాదు. ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ వంటి మాటల్లో వత్తులు విడిపోయి పక్కకు పడేవి. కోరీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్న తరువాత ఆ చిక్కు తీరింది. అంచులు కత్తిరించడం, వెలిసిన స్కాన్‌లో అక్షరాన్ని నల్లబరచడం, మనకు నచ్చిన తెలుగు ఫాంటు పెట్టుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. నేను మండలి ఫాంటు వాడతాను. గుండ్రంగా, ఎడంగా ఉండి కన్ను అలవదు. తెలియని మాట వస్తే ఫోనులో ఆంధ్రభారతి వెబ్‌సైటు తెరుస్తాను, అక్కడ అనేక నిఘంటువులను ఒకేసారి వెదకవచ్చు.

పుస్తకాలు ఎక్కడివని చాలామంది అడుగుతారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కృత్రిమ మేధపై పరిశోధన చేసి 1994 ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారి చొరవతో పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే బృహత్ప్రయత్నం ఒకటి జరిగింది. మన గ్రంథాలయాల అరల్లో ఉండిపోయిన వేలాది తెలుగు పుస్తకాలు ఆ కృషి వల్లనే కువైట్‌లోని నా గదికి చేరాయి. అందుకు నేనెంతో కృతజ్ఞుణ్ణి. తెలుగు వికీసోర్స్‌లోనైతే స్కాన్ పుట పక్కనే టైపు చేసిన పాఠం ఉంటుంది, దానిని ఈపబ్‌గా, అంటే అక్షరాల సైజు మార్చుకోగల ఈ-పుస్తకపు ఫైలుగా, దించుకోవచ్చు.

ఉదయం నేను ఎక్కువగా తెరిచేది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. ఆయన 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చేవరకు దారిలో చూసినదంతా మద్రాసులోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు ఉత్తరాలుగా రాసి పంపారు. ఆ దారి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగుతుంది కాబట్టి మా సీమ పేర్లు కనబడిన పుటల దగ్గర చాలాసేపు ఆగిపోతాను. అలసట వస్తే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో ప్రారంభించిన ‘భారతి’ మాసపత్రిక పాత సంచికలకు మారతాను. చివరి అరగంట అమ్మాయి కోసం చందమామ, ఆ వారం తనకు చదివి వినిపించబోయే కథను ముందుగా ఒకసారి చూసుకుంటాను. నా రీడర్‌లోని ఎలక్ట్రానిక్ సిరా తెర నలుపు తెలుపులకే పరిమితం కనుక, వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు ఇందులో బూడిదరంగులోకి దిగిపోతాయి. వాటిని అమ్మాయికి ఫోనులోనే చూపించాలి. పిల్లల కోసం కొనేవారు దీనిని చిన్న లోపంగా తీసుకోకూడదు.

ఇంత వాడాక నేను గట్టిగా చెప్పగలిగిన సంగతి మరొకటి ఉంది. కంటికి సుఖం ఈపబ్, కాని ఇంటివాళ్లతో కలిసి చదవడానికి స్కాన్ పీడీఎఫే మేలు. ఈపబ్‌లో అక్షరాల సైజు మార్చినప్పుడల్లా పుటసంఖ్య మారిపోతుంది. ఇంట్లో మా ఆవిడ చేతిలోని అచ్చు పుస్తకంతో అది ఎన్నటికీ కలవదు. అదే ముద్రణకు స్కాన్ దొరికితే, ‘112వ పుటలో మూడో పేరా చూశావా’ అని అడిగితే చాలు, ఇద్దరమూ ఒకే పంక్తి దగ్గర ఉంటాము. వారమంతా ఆమె పెన్సిలుతో గీసుకున్న చోట్లన్నీ శుక్రవారం నాడు ఇద్దరమూ మళ్లీ చూసుకుంటాము. ఇల్లు ఎంత గుర్తొచ్చినా, ఆమె కూడా అదే పుట మీద ఉందని తెలిసి చదవడం నాకు ఎంతో ధైర్యాన్నిస్తుంది.

నాన్నగారికి చూపు తగ్గి అచ్చు చదవలేరు. కాశీయాత్ర చరిత్రలోని కడప పరిసరాల మజిలీలను ఆయన నా చేత మళ్లీ మళ్లీ చదివించుకుని, మధ్యలో ఆపి ఆ ఊరి చెరువు గురించో కోనేరు గురించో చెబుతారు. పుస్తకం రీడర్‌లో ఉండి ఫోను మాటలకు విడిగా ఉండడం వల్లనే ఇది వీలవుతోంది; ఒకే ఫోనులో పుటలు తిప్పుతూ వీడియోకాల్ మాట్లాడడం నా వల్ల కాలేదు.

ఎలక్ట్రానిక్ సిరా పుట మారినప్పుడే విద్యుత్తు తీసుకుంటుంది కాబట్టి మొదట్లో ఛార్జింగ్ వారాల తరబడి వచ్చేది. ఇప్పుడు బ్యాటరీ నీరసించింది, పెద్ద స్కాన్లు తిప్పితే ఇంకా త్వరగా దిగిపోతోంది. అయినా వచ్చే సెలవులకు దీనిని రాజంపేటలో మా ఆవిడకు ఇచ్చి, నాకు 10.3 అంగుళాలది కొనుక్కుంటాను. ఇంట్లో అచ్చుప్రతి లేని పుస్తకాలను కూడా అప్పుడు ఇద్దరమూ ఒకే ఫైలులో చదువుకోగలము.