వదలని పొడిదగ్గు: వెంటనే ఎక్స్‌రే తీయించడమా, ఆగి చూడడమా?

చలిజ్వరం, పచ్చటి కఫం, ఛాతీలో పోటు ఉంటే న్యుమోనియాను ఎవరైనా అనుమానిస్తారు. మైకోప్లాస్మా వంటి సూక్ష్మజీవులతో వచ్చే ఎటిపికల్ న్యుమోనియాలో మాత్రం సన్నని జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు, నీరసమే ఉండి, మనిషి పనికి కూడా వెళ్తుంటాడు.

ఖర్చు: ఆగితే ఖర్చేమీ ఉండదు. ఎక్స్‌రేకు ప్రైవేటులో కొన్ని వందల రూపాయలవుతాయి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

శ్రమ: ఉదయగిరి వైపు నుంచి నెల్లూరు రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, అది చిన్న విషయం కాదు.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే ఉంది. స్టెతస్కోపుకు దాదాపు ఏమీ వినిపించకపోయినా ఎక్స్‌రేలో మచ్చలు కనిపించవచ్చు. చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవారు ఈ దగ్గును రాతి దుమ్ముకు అంటగట్టి ఊరుకునే అవకాశం ఎక్కువ. మందుల షాపులో అమాక్సిసిలిన్ కొనుక్కుని ఆగడం మరీ చెడ్డది. బ్యాక్టీరియాను కణకవచం కట్టుకోనివ్వకుండా చంపే ఆ మందు, అసలు కణకవచమే లేని మైకోప్లాస్మాపై పనిచేయదు. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ వంటివి పనిచేస్తాయి గానీ, ఏది ఎవరికన్నది డాక్టరే నిర్ణయించాలి.

ఆయాసం లేకుండా, వేలికి పెట్టే ఆక్సీమీటరులో ఆక్సిజన్ 95 శాతానికి తగ్గకుండా, తిండి సరిగా తింటున్న యువకులు రెండు మూడు రోజులు ఆగవచ్చు. 65 దాటినవారిలో జ్వరం, దగ్గు లేకపోయినా హఠాత్తుగా అయోమయం, అన్నం మానేయడం, వేగంగా ఊపిరి తీయడం కనిపిస్తే ఆగకూడదు. ఏ వయసు పెద్దవారిలోనైనా శ్వాస నిమిషానికి 30 సార్లకు చేరితే ఎక్స్‌రే సెంటరుకు కాక నేరుగా ఒంగోలు రిమ్స్ వంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.