నాటేసే ఆడవాళ్ల చేర్యాల పటం: శిల్పారామంలో కొన్నది

మాదాపూర్ శిల్పారామంలో చేర్యాల బొమ్మలమ్మే (చేర్యాల ఊరి పేరుతో పిలిచే, గుడ్డ మీద గీసే బొమ్మలు) ఒక స్టాల్‌లో ఈ పటం తీసుకున్నాను. అడుగున్నర వెడల్పు, ఫ్రేముతో కలిపి 2,600 రూపాయలు. పెట్టిన డబ్బుకు పూర్తిగా తగింది.

హైదరాబాద్‌లో హోటళ్లలో, అపార్ట్‌మెంట్ లాబీల్లో పల్లెటూరి ఆడవాళ్ల బొమ్మలకు కొదవ లేదు. చాలావరకు చిత్రకారుడు తోట వైకుంఠం గారి బాణీని చూసి గీసినవే. ఆయన గీస్తే నిండైన మనిషి కనిపిస్తుంది. చూసి గీసినవాళ్ల దగ్గర పెద్ద బొట్టు, ఎర్ర చీర మాత్రం మిగిలాయి. నెత్తిన గంప ఉంటుంది, మెడ మీద బరువు ఉండదు. మా అమ్మ జనగామ దగ్గర ఊళ్లో ఏళ్ల తరబడి కైకిలికి (పొలం కూలికి) పోయింది. అందుకే ఇలాంటి బొమ్మల్లో నా కన్ను ముందు నడుము మీదికి, చేతుల మీదికి పోతుంది.

ఇందులో ఐదుగురు నాటేస్తున్నారు, ఐదుగురూ వంగే ఉన్నారు. ఎడమ చేతిలో నారు, కుడి చేతి వేళ్లు బురదలో. నాటిన వరుసలు వాళ్ల ముందున్నాయి, వెనక ఖాళీ మడి. వెనక్కి జరుగుతూ నాటుతారు కాబట్టి అలాగే ఉండాలి. గట్టు మీదున్న మగమనిషి నారుకట్టలు విసురుతున్నాడు. ఒకామె చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంది. ఎండకు మా అమ్మా అలాగే వేసుకునేది. చేర్యాల పటంలో ఆ చొక్కా చూడగానే ఇది పొలం చూసిన చెయ్యి అనిపించింది.

ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఆరాక గీస్తారు. ఒకప్పుడు నకాషీ చిత్రకారులు గీసే ఈ పటాలు కులపురాణాలు చెప్పేవాళ్ల కోసం గజాల కొద్దీ పొడవుండేవి. ఆ పాత ఎరుపే ఇక్కడా వెనకంతా పరిచారు, దాని మీద పచ్చటి నారు కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

లోపాలూ ఉన్నాయి. ఐదుగురిదీ ఒకే ముఖం, ఒకే వయసు. కైకిలి గుంపంటే ముసలవ్వ ఉంటుంది, కొత్త కోడలు ఉంటుంది. ఫ్రేము వెనక అట్ట మరీ పల్చన, కొక్కెం ఊడొచ్చింది. బయట మార్పించుకోవాల్సి వచ్చింది. కొనేవాళ్లు బొమ్మ మాత్రం తీసుకుని ఫ్రేము వేరే చోట కట్టించుకోండి.

కలుపు తీసేది, పత్తి ఏరేది కావాలన్నా చెప్తే గీయించి ఇస్తారు, సగం డబ్బు ముందే కట్టాలి. పత్తి పటానికి చెప్పి వచ్చాను, అందులో ఒక ముసలవ్వ తప్పకుండా ఉండాలని కూడా రాయించాను.