పాడ్‌కాస్ట్‌కి వైజాగ్ స్టూడియోనా, జేబులో కాలర్ మైకా?

మాది శ్రీకాకుళం. జిల్లాలోని చేతిపనుల మీద పది ఎపిసోడ్ల పాడ్‌కాస్ట్ చేద్దామని నేనూ, మా బావమరిదీ కలిసి 15,000 రూపాయలు పక్కన పెట్టాం. ఆ డబ్బు స్టూడియోకి పెట్టాలా, సొంత సామానుకి పెట్టాలా అన్న దగ్గరే నెల రోజులు గడిచిపోయాయి.

ముందు స్టూడియో సంగతి. వైజాగ్‌లో మేం అడిగిన చోట గంటకి 700 చెప్పారు, కనీసం రెండు గంటలు తీసుకోవాలట. అంటే 1,400. మాకు వంద కిలోమీటర్ల పైనే దూరం. ఇద్దరికీ ఛార్జీలు, ఆటోలు, మధ్యాహ్నం భోజనం కలిపి ఇంకో 1,200. వెళ్లినప్పుడల్లా రెండు ఎపిసోడ్లు చేసుకొచ్చినా ఐదు ట్రిప్పులకి 13,000 అయిపోతుంది. ఎడిటింగ్ వేరే. ఎపిసోడ్‌కి 600 చొప్పున ఇంకో 6,000. లెక్క అక్కడే దాటిపోయింది. గొంతు మాత్రం అద్దంలా వస్తుంది, కాదనను.

ఇంట్లో చేసుకోవడం చవకే, కానీ మైకు ఎంచుకోవడంలో నేను దెబ్బ తిన్నాను. ఆన్‌లైన్‌లో అందరూ మెచ్చుకుంటున్నారని 4,200 పెట్టి కండెన్సర్ మైకు కొన్నాను. అది చాలా సున్నితం. నా గొంతుతో పాటు ఫ్యాను, పక్కింటి కుక్కరు, వీధిలో ఉల్లిపాయల ఆటో మైకు, అన్నీ శ్రద్ధగా వినిపెట్టింది. ఫ్యాను ఆపి, కిటికీకి రెండు బొంతలు కట్టి కూర్చుంటే పావుగంటకి చొక్కా తడిసిపోయింది. ఇలాంటి గదుల్లో డైనమిక్ మైకే నయం. నోటికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడాలి, దూరపు చప్పుళ్లని అంతగా పట్టుకోదు. (ఆ 4,200 ఈ బడ్జెట్లో కలపలేదు. మా ఆవిడకి తెలియదు.)

ఇక్కడే అసలు విషయం తట్టింది. మేం మాట్లాడించాల్సినవాళ్లు వైజాగ్ రారు, మా ఇంటికీ రారు. పొందూరులో దూది ఏకడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఆ సన్నటి పళ్ల మీద పత్తి గీసుకుంటుంటే వచ్చే చిన్న గరగర, వెనక రాట్నం తిరిగే చప్పుడు స్టూడియోలో ఎక్కణ్ణుంచి తెస్తాం? బుడితిలో ఇత్తడి మీద సుత్తి దెబ్బలు పడుతుంటే అవి లేకుండా ఎపిసోడ్ ఏముంటుంది?

అందుకే మూడో దారి పట్టాం. 900 చొప్పున చొక్కాకి తగిలించుకునే రెండు వైరు కాలర్ మైకులు, మా ఇద్దరి ఫోన్లు. ఒకటి అడిగేవాళ్లకి, ఒకటి చెప్పేవాళ్లకి. ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే మంచి మాట దగ్గరే ఫోను వచ్చి రికార్డింగ్ ఆగుతుంది. మొదట్లో గట్టిగా ఒక చప్పట కొడితే రెండు ఫైళ్లనీ ఆ చప్పట దగ్గర కలుపుకోవచ్చు. సంభాషణ మరీ పొడుగైతే రెండు ఫైళ్లూ కొంచెం పక్కకి జరుగుతాయి, మధ్యలో ఇంకో చప్పట కొట్టుకుంటే సరి.

మైకులు 1,800, హెడ్‌ఫోన్ 1,100, పెట్రోలూ టీలూ 2,000. ఎడిటింగ్ నేర్చుకుందామని ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ దించాను, ఉచితమే. అరగంట మాటలకి నాకు నాలుగు గంటలు పట్టింది. ఉద్యోగం చేసుకుంటూ అది నా వల్ల కాదు, ఆ 6,000 ఇచ్చేయడమే మేలు. స్పాటిఫైలో అప్‌లోడ్‌కి డబ్బు అడగరు. ఎపిసోడ్ మొదట్లో సంగీతానికి సినిమా పాట పెడితే కాపీరైట్ తలనొప్పి. అందుకని 1919లో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో వీణ నేర్చుకునే పిల్లల్ని ఎవరినైనా అడిగి, అర నిమిషం వాయించినందుకు 2,000 ఇద్దామనుకున్నాం. మొత్తం 12,900.

మిగిలింది 2,100. దాంతో రెండు పెన్‌డ్రైవ్‌లు కొని, ఒకటి మా ఇంట్లో, ఒకటి వాళ్లింట్లో కాపీలు దాచుదామని నేనంటాను. మావాడు రింగ్ లైట్ అంటాడు.

"ఆడియోకి లైటెందుకురా?"

"యూట్యూబ్‌లో కూడా పెట్టాలి కద బావా!"

ఆ గొడవ ఇంకా తేలలేదు.