గిట్: ఎనిమిదేళ్ళు ఓపెన్ సోర్స్‌లో వాడాక

ఎనిమిదేళ్ళుగా తీరిక వేళల్లో కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో దిద్దుబాట్లు, పంపుతున్నాను. ఈలోగా ఎడిటర్లు మార్చాను, ప్రోగ్రామింగ్ భాషలు మార్చాను, ప్రాజెక్టులూ మారాయి. కోడ్‌లో చేసే మార్పుల చరిత్రను నమోదు చేసే గిట్ మాత్రం మొదటి రోజు నుంచీ నా వెంటే ఉంది. ఫైళ్ళ పాత ప్రతులను దాచే సాధనంగా దీని గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి, ముఖపరిచయం కూడా లేని మనుషులతో కలిసి పనిచేసేవారికి ఇది ఏ మేరకు అక్కరకొస్తుందన్న విషయానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

గిట్ పుట్టిందే అలాంటి అవసరం కోసం. లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన కోడ్) బృందం 2002 నుంచి వాడుతున్న బిట్‌కీపర్ అనే ఇలాంటి సాధనం ఉచితంగా దొరకడం 2005లో ఆగిపోవడంతో, ఆ ఏప్రిల్‌లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కొద్ది రోజుల్లోనే దీని తొలి రూపాన్ని సిద్ధం చేశారు. జూలై నుంచి నిర్వహణ బాధ్యతను జునియో హమానో తీసుకున్నారు. సబ్‌వర్షన్ లాంటి పాత పద్ధతుల్లో మార్పును నమోదు చేయాలంటే సర్వర్‌లో రాసే హక్కు ముందుగా ఉండాలి. గిట్‌లో క్లోన్ చేసుకున్న, అంటే ప్రాజెక్టు నకలును తన కంప్యూటర్‌లోకి తెచ్చుకున్న, ప్రతి ఒక్కరి దగ్గరా చరిత్ర మొత్తం ఉంటుంది కనుక, నిన్న చేరిన మనిషి కూడా ఎవరి అనుమతీ అడగకుండా ఒక బ్రాంచి (అసలు కోడ్‌ను కదపకుండా విడిగా సాగే పాయ) తీసుకుని, పని పూర్తి చేసి, ఆ తర్వాతే తలుపు తట్టవచ్చు. కొత్తవారికి ఉండే జంకు సగం ఇక్కడే పోతుంది.

నా తొలి ప్యాచ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తేదీలను సరిచూసే ఒక చిన్న లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) 2000 ఫిబ్రవరి 29ని చెల్లని తేదీగా తోసిపుచ్చేది. వందతో భాగింపబడే ఏ సంవత్సరమూ లీపు సంవత్సరం కాదని అందులో ఒక షరతు రాసి ఉంది. నేను ఆ షరతును తీసేశాను; పనిలో పనిగా కొన్ని వేరియబుళ్ళ పేర్లు మార్చి, ఖాళీలు సర్ది, అన్నిటినీ ఒకే కమిట్‌లో (సందేశంతో సహా చరిత్రలో చేరే ఒక నమోదులో) పెట్టి, 'బగ్ సరిచేశాను' అన్న ఒక్క ముక్క సందేశంతో పంపాను. ఆ లైబ్రరీ బాధ్యత చూసే మెయింటెయినర్ దాన్ని తిరస్కరించలేదు. మూడు కమిట్లుగా విడదీసి, ప్రతిదానికీ ఆ మార్పు ఎందుకు అవసరమైందో రాయమన్నారు.

ఆ రాత్రంతా, కమిట్లను తిరగరాసే రీబేస్ ఆదేశంతో కుస్తీ పట్టాను. విడదీయడం ఎలాగో పూర్తయ్యాక సందేశం రాయడానికి కూర్చుని, 'వందతో భాగింపబడే సంవత్సరాలు కూడా లీపు సంవత్సరాలే, ఎందుకంటే' అన్నచోట ఆగిపోయాను. ఆ వాక్యాన్ని పూర్తి చేయడానికి కారణమేదీ దొరకలేదు, ఎందుకంటే ఆ మాటే తప్పు: నాలుగు వందలతో కూడా భాగింపబడితేనే అది లీపు సంవత్సరం. నా ప్యాచ్ అలాగే వెళ్ళి ఉంటే 2000 బాగుపడేది గానీ, 1900 ఫిబ్రవరి 29 అనే లేని తేదీ చెల్లుబాటయ్యేది. కోడ్‌ను పదిసార్లు చదివినా కంటబడని తప్పు, ఎవరో తెలియని మనిషికి కారణం చెప్పబోయేసరికి బయటపడింది. గిట్ ఒక్కో కమిట్‌కు ఒక్కో సందేశం అడగడాన్ని అంతవరకు తంతుగానే భావించిన నేను, ఆనాటి నుంచి సందేశాన్ని ముందు రాసుకుని ఆ తర్వాతే కోడ్‌ను సరిచూసుకుంటున్నాను.

అలా విడదీసి, కారణంతో సహా రాసిన చరిత్ర ఉన్నచోట గిట్‌లోని మిగతా ఆదేశాలకు ప్రాణం వస్తుంది. ఒక లోపం ఎప్పుడు ప్రవేశించిందో వెతికే బైసెక్ట్, వెయ్యి కమిట్ల మధ్య నుంచి కూడా సుమారు పది పరీక్షల్లో దాన్ని పట్టిస్తుంది. అయితే దొరికిన కమిట్ పది పనులను కలగలిపినదైతే మళ్ళీ మొదటికే వస్తాం. ఒక్కో పంక్తి ఏ కమిట్‌లో వచ్చిందో చూపే బ్లేమ్ కూడా అంతే. దానికి నింద అనే అర్థం వచ్చే పేరు పెట్టకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది, ఎందుకంటే నేను దాన్ని వాడిన ప్రతిసారీ తెలుసుకోవాలనుకున్నది ఆ పంక్తి వెనుక ఉన్న ఆలోచననే.

నాకు అన్నిటికంటే నచ్చినది మరొకటి ఉంది. రాసినవారిని, దాన్ని చరిత్రలో చేర్చినవారిని గిట్ వేర్వేరుగా నమోదు చేస్తుంది. కాబట్టి నా ప్యాచ్‌ను మెయింటెయినర్ తన చేతులతో కలిపినా, రచయిత స్థానంలో నా పేరే నిలుస్తుంది. జీతం లేని పనిలో ఆ గుర్తింపు చిన్న విషయం కాదు. లోపాన్ని కనిపెట్టి చెప్పినవారికి, ఓపికగా పరీక్షించినవారికి మాత్రం ఇందులో అలాంటి చోటు లేదు. కెర్నెల్ బృందం సందేశం చివర 'రిపోర్టెడ్-బై', 'టెస్టెడ్-బై' అంటూ వారి పేర్లు చేర్చే ఆనవాయితీ పెట్టుకుంది. మిగతా ప్రాజెక్టులన్నీ దీన్ని అనుసరించాలని కోరుకుంటాను.

లోపాల విషయానికొస్తే, ఆదేశాల పేర్లు కొత్తవారిని నిజంగానే బెదరగొడతాయి. చెకౌట్ అన్న ఒకే మాట బ్రాంచి మార్చడానికీ, ఫైలులో చేసిన మార్పులను తుడిచెయ్యడానికీ పనిచేయడం ఎందరినో దెబ్బతీసింది. 2019లో వచ్చిన 2.23 వెర్షన్‌లో స్విచ్, రిస్టోర్ అని రెండుగా విడదీశారు కనుక ఇప్పుడు నేర్చుకునేవారు వాటితోనే మొదలుపెట్టడం మేలు. పెద్ద పెద్ద చిత్రాలూ వీడియోలూ ఉండే ప్రాజెక్టులకు గిట్ ఒక్కటే సరిపోదు.

ఒకసారి, బ్రాంచిని పాత కమిట్‌కు వెనక్కి జరిపే రీసెట్ ఆదేశాన్ని పొరపాటున, ఫైళ్ళను కూడా వెనక్కి మార్చేసే హార్డ్ ఐచ్ఛికంతో నడిపి, మూడు రోజుల కమిట్లు పోగొట్టుకున్నానని కాళ్ళూ చేతులూ ఆడక కూర్చున్నాను. బ్రాంచి ఏయే కమిట్ల మీదుగా కదిలిందో గిట్ రాసిపెట్టుకునే రీఫ్‌లాగ్‌లో అవి భద్రంగా దొరికాయి. మామూలు అమరికలో అలా దారి తప్పిన కమిట్ల జాడ 30 రోజులు ఉంటుంది. ఇంకా కమిట్ చేయని మార్పులకు ఈ రక్షణ లేదు.

ప్రతి కమిట్‌లో పేరుతో పాటు ఈమెయిల్ చిరునామా కూడా చేరుతుంది కనుక, మొదటి కమిట్‌కు ముందే ఏ చిరునామా నమోదవుతుందో తప్పకుండా చూసుకోండి. చరిత్ర ఇతరుల క్లోన్లలోకి వెళ్ళిపోయాక దాన్ని అన్నిచోట్లా తుడిచివేయడం ఎవరి తరమూ కాదు.

గత నెల ఆ తేదీల లైబ్రరీని మళ్ళీ తెరిచి, లీపు సంవత్సరపు షరతు మీద బ్లేమ్ నడిపాను. ఆ పంక్తి పక్కన ఇంకా నా కమిటే ఉంది. పరీక్షల ఫైలులో మాత్రం, నేనెరుగని ఒకరు నా సందేశాన్ని ప్రస్తావిస్తూ, 2100 ఫిబ్రవరి 29 చెల్లకూడదని కొత్త పరీక్ష ఒకటి చేర్చి ఉన్నారు.